ముల్లు సంగతి తేలకుండా డబ్బా మార్చొద్దు

సంపాదకులకు,

ఎల్పీ రికార్డులు మళ్లీ ఇళ్లలోకి వస్తున్నాయంటూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసంలో టర్న్‌టేబుళ్ల ధరలూ, స్పీకర్ల ధరలూ వివరంగా ఇచ్చారు. ఆ రెంటి మధ్య కూర్చునే ఫోనో ప్రీఆంప్‌ని, అంటే ముల్లు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచే డబ్బాని, మాత్రం మంచిది చూసి కొనుక్కోమని ఒక్క ముక్కలో తేల్చేశారు. చిక్కంతా ఆ ‘మంచిది’ దగ్గరే. చిన్న డబ్బా తీసేసి దానికి నాలుగింతలు ఖరీదైన డబ్బా పెట్టినా గుయ్‌మనే మోత అలాగే ఉండిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి.

రికార్డు మీద గాడి కోసేటప్పుడే బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. లేకపోతే గాళ్లు వెడల్పై, ప్లేటు మీద పాట పట్టదు. దాన్ని తిరగేసి సరిచేయడం ప్రీఆంప్ పని. 1954లో కుదిరిన ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం) లెక్క ప్రకారం, 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్ పెంచాలి, 20 వేల దగ్గర దాదాపు అంతే తగ్గించాలి. ఈ పని ఒక్కసారే జరగాలి. టర్న్‌టేబుల్ వెనక ఫోనో/లైన్ స్విచ్ ఉంటే, బయట ప్రీఆంప్ పెట్టినప్పుడు అది ఫోనో వైపు ఉండాలి. లైన్ వైపు వదిలేస్తే టర్న్‌టేబుల్ లోపలి ప్రీఆంప్ కూడా పనిచేసి రెండుసార్లు సరిచేసినట్టవుతుంది. బేస్ గుమ్మడికాయలా ఉబ్బి, గొంతు పగులుతుంది. చాలామంది రిపేరుకు తెచ్చే సెట్లలో లోపం ఇంతే!

ఇక ఎంపిక. కార్ట్రిడ్జ్, అంటే ముల్లు బిగించి ఉండే చిన్న ముక్క, మూవింగ్ మాగ్నెట్ (అయస్కాంతం కదిలే) రకమైతే 3 నుంచి 5 మిల్లీవోల్టులు ఇస్తుంది. 40 డెసిబెల్స్ గెయిన్ (పెంపు), అంటే వంద రెట్లు, చాలు. 0.3 మిల్లీవోల్టులిచ్చే మూవింగ్ కాయిల్ (తీగచుట్ట కదిలే) రకానికి 60 డెసిబెల్స్ కావాలి. ఇది అందరికీ తెలిసిందే. ఎవరూ చూడనిది కెపాసిటెన్స్, అంటే వైర్లూ కెపాసిటర్లూ కరెంటుని కొంత దాచుకునే గుణం; దాన్ని పికోఫ్యారడ్‌లలో కొలుస్తారు.

ఉదాహరణకి ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్ తీసుకోండి. కంపెనీ చెప్పే లోడ్, అంటే దాని మీద పడాల్సిన భారం, 47 కిలోఓమ్‌లు, 100 నుంచి 200 పికోఫ్యారడ్‌లు. లోపలి కాయిల్ 550 మిల్లీహెన్రీలు. మొత్తం కెపాసిటెన్స్ 200 అయితే కాయిల్‌తో కలిసి రెజొనెన్స్ (శబ్దం ఉబ్బే చోటు) 15 వేల హెర్ట్జ్ దగ్గర పడుతుంది. 400 అయితే 11 వేలకి దిగొస్తుంది. అప్పుడు ‘స’, ‘శ’ అక్షరాలు చెవిలో గుచ్చుకుంటాయి, ఆ పైన గాలి ఆడనట్టు మూసుకుపోతుంది. ఈ 400 ఎక్కణ్నించి వస్తుందంటారా? ఆర్మ్ (ముల్లుని మోసే చేయి) వైరుకీ కేబుల్‌కీ కలిపి 180, ప్రీఆంప్ లోపల ఇన్‌పుట్ దగ్గర అతికించిన కెపాసిటర్ 220. కొలవడం తేలిక. హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్ బిగించిన తొడుగు) ఊడదీసి, కేబుల్ రెండో చివర ప్రీఆంప్ నుంచి పీకి, ఆర్‌సీఏ ప్లగ్గు నడిమి పిన్నుకీ బయటి రింగుకీ మధ్య మల్టీమీటర్ పెట్టాలి. కార్ట్రిడ్జ్ తగిలించి ఉంచితే వచ్చే అంకె పనికిరాదు. ఎక్కువొస్తే ఆ 220 తీసి 47 పెట్టండి. పూర్తిగా తీసేస్తే కొన్ని ఇళ్లలో రేడియో వినిపిస్తుంది. ఈ మార్పుకయ్యే ఖర్చు ఒక టీ ఖర్చు.

గుయ్‌మనే మోత 50 హెర్ట్జ్ కరెంటుది. అదే 50 దగ్గర ప్రీఆంప్ 17 డెసిబెల్స్, అంటే ఏడు రెట్లు, అదనంగా పెంచుతుంది. అందుకే ఇంకే ఇన్‌పుట్‌లోనూ లేని హమ్ ఇక్కడే వస్తుంది. ఆర్మ్ గొట్టాన్ని వేలితో ముట్టుకుంటే తగ్గిందా? గ్రౌండ్ వైరు తెగింది, లేదా స్క్రూ కింద వదులైంది. డబ్బాని ఆంప్లిఫయర్‌కి రెండడుగుల దూరం జరిపితే తగ్గిందా? అది ఆంప్లిఫయర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పని. డబ్బాని ఆ జరిపిన చోటే ఉంచేయండి. హమ్ పోవాలని ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను విరగ్గొట్టే మేధావులున్నారు. ఆ పని చేయొద్దు, ప్రాణం మీదికొస్తుంది.

ప్రీఆంప్ లోపల సిగ్నల్‌ని పెంచే ఆప్‌ఆంప్ చిప్పు మార్చే సరదా ఇప్పుడు ఎక్కువైంది. ఎన్‌ఈ5532 చిప్పు వోల్టేజ్ నాయిస్ (సొంత రొద) 5 నానోవోల్టులు, ఎల్‌ఎం4562ది 2.7. కాగితం మీద రెండోదే గెలిచింది. కానీ కరెంట్ నాయిస్ మొదటిదానిది 0.7 పికోఆంపియర్లు, రెండోదానిది 1.6. పైన చెప్పిన మూవింగ్ మాగ్నెట్ కాయిల్ అడ్డు 10 వేల హెర్ట్జ్ దగ్గర 34 కిలోఓమ్‌లకి పైగా ఉంటుంది కాబట్టి, ఆ కరెంట్ నాయిసే అక్కడ బుస్సుమంటుంది. ఖరీదైన చిప్పుతో హిస్ పెరిగిందంటే కారణం ఇదే. పైగా అది వేగమైన చిప్పు; 4, 8 కాళ్ల మధ్య 100 నానోఫ్యారడ్ సిరామిక్ కెపాసిటర్ దగ్గరగా అతికించకపోతే ఆసిలేట్ అయి (తనంతట తానే ఊగి) వేడెక్కుతుంది. అడాప్టర్ మార్చేవాళ్లు డబ్బా వెనక ఏసీ అని ఉందో డీసీ అని ఉందో చదివి మరీ గుచ్చాలి.

ఇంట్లో తాతల కాలం నాటి నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేట్లు, ఆ నాటక పద్యాలవీ, ఉన్నవాళ్లకి మరో మాట. వాటికి ఎల్పీ ముల్లు వాడకూడదు. అది గాడి అడుక్కి దిగి బరబరలాడుతుంది. 75 మైక్రాన్ల ముల్లు వేరే కొనాలి. అవి ఆర్‌ఐఏఏకి ముందువి కాబట్టి మామూలు ప్రీఆంప్‌లో మొద్దుగా వినిపిస్తాయి, ట్రెబుల్ కాస్త పెంచుకోవాలి.

ఈసారి ధరల పట్టిక వేసేటప్పుడు ప్రీఆంప్‌లకి ఇన్‌పుట్ కెపాసిటెన్స్ అని ఇంకో గడి చేర్చగలరా? కంపెనీల మాన్యువళ్లలో ఆ అంకె చాలావాటికి ఉంటుంది.

– ఒక పాఠకుడు, విజయవాడ