జాంబియా ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మీ ఎగుమతుల ఆదాయంలో దాదాపు 70 శాతం రాగిదే. లండన్ లోహాల మార్కెట్లో రాగి ధర పడితే ఇక్కడ కిట్వే మార్కెట్లో టమాటాలమ్మే ఆవిడకీ టెన్షనే. 1970ల మధ్యలో ధర కూలితే అప్పులు మొదలయ్యాయి. 2020 నవంబరులో యూరోబాండ్ల (విదేశీ కరెన్సీలో తెచ్చిన అప్పు పత్రాల) వడ్డీ కూడా కట్టలేకపోయారు.

ఇప్పుడు ఏటా 30 లక్షల టన్నుల రాగి మీ లక్ష్యం. తవ్వండి, వద్దనను. కానీ 2024 కరువులో జలవిద్యుత్తుకు ఆధారమైన కరీబా జలాశయం అడుగంటి కరెంటే లేకపోయింది కదా! మరి గనులు దేనితో నడుస్తాయి? 2025 ఫిబ్రవరిలో చంబిషి దగ్గర రాగి గని వ్యర్థాల కట్ట తెగింది. ఆ యాసిడ్ నీళ్లు కఫూయే నదిలోకే చేరాయి.

చిలీ 2007లో రాగి సొమ్ముతో స్థిరీకరణ నిధి (మంచి రోజుల్లో దాచి, చెడ్డ రోజుల్లో వాడుకునే నిధి) పెట్టింది, 2009 మాంద్యంలో అదే ఆదుకుంది. ధర బాగున్నప్పుడే మీరూ మొదలుపెట్టండి. ఎంత పక్కన పెడతారో వచ్చే బడ్జెట్లో చెప్పండి.

ఇట్లు,
కిట్వేలో ఉంటున్న ఓ తెలుగువాడు