బత్తాయి అంట్లు తెచ్చే ముందు

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం నిన్న అందింది. ఆరెకరాలలోనూ బత్తాయి పెట్టాలని నిశ్చయించుకున్నావనీ, తొలకరి పడగానే అంట్లు తెప్పిస్తావనీ రాశావు. చిన్నప్పుడు ఆ చేలో నీతో కలిసి తిరిగిన చనువుతో చెబుతున్నాను, అంట్ల బయానా ఇప్పుడే ఇవ్వకు.

నీ పొలంలో ఉన్నది ఒక్క నేల కాదు. మెరకన రెండెకరాలు ఎర్ర చల్క, అంటే తేలిక నేల; దాని దిగువన మూడున్నర ఎకరాలు నల్లరేగడి, వాగు పక్కన అరెకరం చౌడు. తెలంగాణలో గుట్టల వాలున చాలాచోట్ల ఈ వరుసే కనిపిస్తుంది. వాన నీరు పైనుంచి సన్నని బంకనూ సున్నాన్నీ దించుకొచ్చి పల్లంలో చేర్చడం ఇందుకు ఒక కారణం. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ క్షేత్రంలో కూడా ఎర్రనేల, నల్లనేల పక్కపక్కనే ఉన్నాయి. శాస్త్రజ్ఞులు అక్కడి ఎర్రనేలను ఆల్ఫిసాల్ అనీ, రేగడిని వెర్టిసాల్ అనీ పిలుస్తారు. అవి రంగును చూసి పెట్టిన పేర్లు కావు. వెర్టిసాల్ అనాలంటే బంకమన్ను కనీసం 30 శాతం ఉండాలి, ఎండితే నేల లోతుగా నెర్రెలు బారాలి. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే ఆ గుణమే సాగును నిర్ణయిస్తుంది. వానాకాలంలో రేగడిని ఖాళీగా ఉంచి, అది దాచుకున్న పదునుతో యాసంగిలో శనగ, జొన్న పండించిన మన పెద్దలు ఈ సంగతిని ఎరిగినవారే.

బత్తాయి వేరుకు గాలి ఆడాలి. బరువైన రేగడిలో నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. సున్నం ఎక్కువైతే చెట్టుకు ఇనుము అందక లేత ఆకులు పసుపుబారతాయి. చల్కలో నీరు ఇంకుతుంది గాని, మూరెడు లోతునే గట్టి మొరం తగిలితే అక్కడా చెట్టు నిలదొక్కుకోలేదు.

నీ దగ్గర భూసార కార్డు ఉందని రాశావు, మంచిదే. అయితే దానికి మట్టిని తీసేది జానెడు లోతు లోపలే. ఏ ఎరువు తక్కువైందో తెలుస్తుంది గాని, కింద ఏముందో తెలియదు. పాతికేళ్లు నిలవవలసిన తోటకు ఆ కిందిదే ప్రాణం. అందుకే మూడు చోట్లా మీటరున్నర లోతున గొయ్యి తీయించు. పొరపొరకూ రంగు, బంక, రాయి చూడు. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే నురగ వచ్చిన పొరలో సున్నం ఉన్నట్టు.

చౌడు విషయంలో మాత్రం తొందరపడవద్దు. అది పాలచౌడైతే, అంటే ఉప్పు పేరుకున్నదైతే, మురుగు పోయే దారి చేసి, మంచినీరు పెట్టి ఉప్పును కడగాలి. కారుచౌడైతేనే, అంటే సోడియం పట్టిన క్షార నేల అయితేనే, జిప్సం పనిచేస్తుంది. ఏ చౌడో తేలకుండా జిప్సం కొంటే ఆ డబ్బు మట్టిపాలే. తేలిన తరువాత పచ్చిరొట్టగా జీలుగు చల్లి, పెరిగాక కలియదున్నుదాం.

వచ్చే ఆదివారం ఉదయానికి గడ్డపార, పార సిద్ధంగా ఉంచు. మొదటి గొయ్యి రేగడిలోనే తీద్దాం, అక్కడే నీకు ఎక్కువ నష్టం జరిగే ప్రమాదం ఉంది.

నీ మిత్రుడు,
శ్రీనివాస్