రంగం దారి: కెమెరా బయటికి తీసే ముందు

విశాఖపట్నం

నాన్నా,

నువ్వు పంపిన ప్లాను చూశాను. ముత్తాతగారు రంగం (బర్మా వైపు) వెళ్ళిన దారిని సినిమాగా తియ్యాలన్న నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. కానీ మొదటి రోజు షూటింగు పోర్టు గేటు దగ్గర పెట్టావు. అది మార్చు.

మన హార్బరు తెరిచింది 1933 డిసెంబరులో. అంతకుముందు స్టీమరు ఒడ్డుకి దూరంగా లంగరు వేస్తే, జనాన్ని మసూలా పడవల్లో కెరటాలు దాటించి ఎక్కించేవారు. ఆ పడవలకి మేకులుండవు. పలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు, కెరటం కొడితే విరక్కుండా కాస్త వంగుతాయని. ఆయన 1933కి ముందే వెళ్ళి ఉంటే నువ్వు తియ్యాల్సింది గేటు కాదు, కెరటం.

ఏ ఏడో తేల్చేది మీ నాయనమ్మే. 'ఎప్పుడు వెళ్ళారు?' అని అడిగితే సంవత్సరం రాదు. 'అక్కయ్య పుట్టాక వెళ్ళారా, ముందా? మన ఊళ్ళో బాంబులు పడేనాటికి తిరిగొచ్చేశారా?' అని అడుగు. రంగూను మీద జపాన్ బాంబులు పడింది 1941 డిసెంబరు 23న, విశాఖ మీద 1942 ఏప్రిల్ 6న. ఆవిడ చెప్పేదాన్ని ఈ రెండు తేదీల పక్కన పెట్టి చూడు. రంగం అంటే రంగూను పట్నమే అనుకోకు, బర్మా మొత్తాన్నీ అలా అనేవాళ్ళున్నారు. ఏ ఊళ్ళో పనిచేశారో విడిగా అడుగు. కాగితాల్లో వెతికేటప్పుడు పాత పేర్లే వాడు: వైజాగపటం (విశాఖపట్నం), బిమ్లిపటం (భీమునిపట్నం), ప్రోమ్ (ఇప్పటి ప్యే), అక్యాబ్ (ఇప్పటి సిట్వే).

తిరుగుదారి ఇంకా ముఖ్యం. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి రావడంతో నడిచొచ్చినవాళ్ళలో కొందరు ప్రోమ్ నుంచి తౌంగుప్ కనుమ దాటి అక్యాబ్, చిట్టగాంగ్ వైపు వచ్చారు. కొందరు సరిహద్దులోని తము, మణిపూర్‌లోని పాలెల్, ఇంఫాల్ మీదుగా దిమాపూర్ చేరి రైలెక్కారు. 'దారిలో సముద్రం తగిలిందా?' అన్న ఒక్క ప్రశ్నతో సగం తేలిపోతుంది. తేలనిదాన్ని సినిమాలో తేలినట్టు చూపించకు, 'ఇది మా ఊహ' అని గొంతుతో చెప్పు. బర్మా వైపు యుద్ధం నడుస్తోంది, మణిపూర్‌లో 2023 నుంచి గొడవలు. అందుకని సరిహద్దు దాకా వెళ్ళే మాట ఇప్పుడు వద్దు. నాగాలాండ్‌లోని దిమాపూర్, కోహిమా చాలు, అక్కడికి వెళ్ళడానికి బయటివాళ్ళకి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ ముందే తీసుకో. ఫిబ్రవరి, మార్చి నెలలైతే వాళ్ళు నడిచిన కాలమే, వానలూ తక్కువ.

నాయనమ్మని పొద్దున్నే కూర్చోబెట్టు. గొంతు శుభ్రంగా రావాలంటే ఫ్యాను ఆపాలి, మధ్యాహ్నం ఆపితే ఆవిడకి ఉక్క. ట్యూబులైటు ఉంటే సెకనుకి 25 ఫ్రేములు, షటరు వేగం 1/50 సెకను పెట్టు, లేకపోతే వెలుగు మిణుకుమిణుకుమంటుంది. మాటలయ్యాక ఎవరూ కదలకుండా అర నిమిషం ఆ గది నిశ్శబ్దం కూడా రికార్డు చెయ్యి, ఎడిటింగులో అతుకులు దాచడానికి అదే పనికొస్తుంది.

బీచికి ఏసీ గదిలోంచి సరాసరి కెమెరా తీసుకెళ్తే లెన్సుకి చెమ్మ పడుతుంది. జిప్ కవర్లో పెట్టి అరగంట బయట ఉంచాక తియ్యి. ఉప్పు పేరుకున్న లెన్సుని పొడిగుడ్డతో తుడవకు, గీతలు పడతాయి. ముందు చేత్తో నొక్కి గాలి ఊదే బ్లోయరుతో ఊది, తరవాత లెన్సు ద్రవం అద్దిన గుడ్డ వాడు. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు కాబట్టి, ఎండ వచ్చాక నీళ్ళవైపు తీస్తే మనిషి నల్లటి నీడైపోతాడు. తెల్లవారుతుండగానే పని ముగించు. డ్రోను ఇంట్లోనే ఉంచు. ఇది తూర్పు నౌకాదళం ఊరు, అనుమతి లేకుండా ఎగరేస్తే పట్టుకుపోతారు.

సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన గంట వీడియోకి 45 జీబీ పడుతుంది. ఏ రోజుది ఆ రోజు రెండు డిస్కుల్లోకి ఎక్కించి, అవి ప్లే అవుతున్నాయో లేదో చూశాకే కార్డు ఖాళీ చెయ్యి.

ఇంక ఆయన ఫోటో. ఇక్కడి గాలికి బొమ్మ ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. దాన్ని ఊడదీస్తే ముఖం అద్దంతోపాటే వచ్చేస్తుంది. అద్దం మీదుగానే తియ్యాలి. రెండు పక్కల నుంచీ 45 డిగ్రీల కోణంలో లైట్లు, కెమెరా ఫోటోకి సరిగ్గా ఎదురుగా, కెమెరా ముందు లెన్సు పట్టేంత బెజ్జం పెట్టిన నల్లగుడ్డ. అప్పుడు అద్దంలో మనం కనిపించం. వచ్చేటప్పుడు ఆ గుడ్డ తీసుకురా, మెరవనిది, మీటరున్నర చాలు.

ఆశీస్సులతో,
అమ్మ