మా పాఠాలు మాకు తెరిచి ఇవ్వండి

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: మీ ఇంటరాక్టివ్ ప్యానెల్‌తో పాటు ఇచ్చిన యాప్‌లో మా టీచర్లు తయారుచేసుకున్న పాఠాలు తెరుచుకోకపోవడం, సరైన శిక్షణ ఇవ్వకపోవడం గురించి ఫిర్యాదు.

నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం చెప్పే టీచర్‌ని. మా బడిలో చదువుకున్న ఒక పదో తరగతి బ్యాచ్ వాళ్లు తలా కొంత వేసుకుని, కిందటి విద్యా సంవత్సరం మొదట్లో మీ కంపెనీ 65 అంగుళాల టచ్ తెర ప్యానెల్ కొని మా బడికి ఇచ్చారు. వాళ్లలో విశాఖలో ఉద్యోగాలు చేసేవాళ్లున్నారు, ఊళ్లోనే వ్యవసాయం చేసుకునేవాళ్లున్నారు, గల్ఫ్‌లో వెల్డింగ్ పని చేస్తూ డబ్బు పంపినవాళ్లూ ఉన్నారు. ఆ డబ్బు విలువ మాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం కాస్త పెద్దదైనా చివరిదాకా చదవమని కోరుతున్నాను.

ముందు అసలు సంగతి చెబుతాను. వేసవి సెలవుల తర్వాత జూన్‌లో బడి తెరిచి ప్యానెల్ ఆన్ చేస్తే, మీ యాప్ కొత్త వెర్షన్ వేసుకోమంది. వేసుకున్నాం. ఆ తర్వాత మేం ఏడాదంతా తయారుచేసుకున్న పాఠాల పేర్లు వరసగా కనిపిస్తున్నాయి గానీ, దేన్ని ముట్టుకున్నా "మీ ప్లాన్ ముగిసింది" అని వస్తోంది. తెరవడానికి లేదు, ప్రింట్ తీయడానికి లేదు, పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే ఆ ఫైలు ఇంకే కంప్యూటర్‌లోనూ తెరుచుకోదు. మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, టీచరుకింత చొప్పున ఏటా డబ్బు కట్టాలన్నారు. ప్యానెల్ అమ్మినప్పుడు మీవాళ్లు ఇచ్చిన రంగుల కరపత్రంలో "సాఫ్ట్‌వేర్ జీవితాంతం ఉచితం" అని పెద్ద అక్షరాల్లో ఉంది. కొనేముందు మీ ప్రతినిధి నోటితో కూడా ఆ మాటే చెప్పాడని డబ్బు కట్టిన పూర్వ విద్యార్థులు అంటున్నారు. ఏడాది గడువు గురించి ఆ కరపత్రంలో ఒక్క ముక్క లేదు.

ఆ పాఠాలు మీరు ఇచ్చినవి కావు. మీ కంటెంట్ మీరు ఆపేసుకుంటే అది వేరే విషయం, దాని గురించి బిల్లు చూసుకుని మాట్లాడుకోవచ్చు. మేం అడుగుతున్నవి మా చేత్తో గీసిన బొమ్మలు, మేం రాసిన ప్రశ్నలు, మా పిల్లల నోటుపుస్తకాల నుంచి తీసిన ఫొటోలు. ఇల్లు మాది, తాళం చెవి మీ జేబులో ఉంది.

వాటి వెనక ఎంత పని ఉందో మీకు తెలియాలి కాబట్టి ఒక ఉదాహరణ చెబుతాను. పదో తరగతిలో కాంతి పాఠం ఉంటుంది. కుంభాకార కటకం ముందు వస్తువును ఎక్కడ పెడితే ప్రతిబింబం ఎక్కడ, ఎలా ఏర్పడుతుందో కిరణ చిత్రాలు గీసి చూపించాలి. 2ఎఫ్‌కి, అంటే కటకం నుంచి నాభి ఉన్న దూరానికి రెట్టింపు దూరానికి, అవతల పెడితే చిన్నగా, తలకిందులుగా వస్తుంది. సరిగ్గా 2ఎఫ్ దగ్గర పెడితే వస్తువంత సైజులోనే వస్తుంది. 2ఎఫ్‌కీ నాభికీ మధ్య పెడితే పెద్దదవుతుంది. నాభి దాటి కటకానికి దగ్గరగా జరిపితే ఒక్కసారిగా నిటారుగా, పెద్దగా, వస్తువు ఉన్న వైపే మిథ్యా ప్రతిబింబం కనిపిస్తుంది. నల్లబల్ల మీద ఒక్కో స్థితికి ఒక్కో బొమ్మ గీసి, చెరిపి, మళ్లీ గీయాలి. పిల్లలు ఆ బొమ్మలన్నీ విడివిడిగా బట్టీ పడతారు. అవన్నీ ఒకే వస్తువు కాస్త కాస్త జరిగితే వచ్చే మార్పులే అన్న సంగతి వాళ్లకి అందదు.

మీ ప్యానెల్ మీద ఆ వస్తువును వేలితో జరిపితే కిరణాలు వాటంతటవే కదిలేలా ఒక పాఠం చేశాను. అది నేర్చుకోవడానికి నాకు చాలా రాత్రులు పట్టింది. మా లెక్కల మాస్టారు గీతల్ని ఒకదానితో ఒకటి ముడివేయడం చూపించారు. కొత్తగా డీఎస్సీలో వచ్చిన ఇంగ్లిష్ టీచరమ్మ లేయర్లు అంటే ఏమిటో చెప్పింది. క్లాసులో మొదటిసారి పెట్టినప్పుడు, వస్తువును నాభి దగ్గరికి తెస్తుంటే ప్రతిబింబం దూరం జరుగుతూ తెర దాటి పోయింది. వెనక బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి లేచి, "టీచర్, సరిగ్గా నాభి మీద పెడితే అది ఎక్కడికి పోద్ది?" అని అడిగాడు. అనంత దూరం అన్న మాట నేను చెప్పకముందే ఆ పిల్లాడికి దాని అవసరం వచ్చింది. నా సర్వీసులో ఈ పాఠానికి అలాంటి ప్రశ్న రావడం అదే మొదలు. ఆ పాఠం ఇప్పుడు మీ సర్వర్‌లో ఉంది, నేను తెరవలేను.

కాబట్టి మేం డిజిటల్ పరికరాలంటే గిట్టని టీచర్లం అనుకోవద్దు. మాకు ప్యానెల్ కావాలి. అది బాగా పనిచేస్తుంది కూడా. నేర్చుకోవడానికి మా వంతు మేం చేశాం. మీ వంతు ఏమైందో చెబుతాను.

ప్యానెల్ బిగించిన రోజు మీ మనిషి ఒక గంటసేపు డెమో ఇచ్చాడు. భూగోళం తిప్పాడు, కొట్టుకుంటున్న గుండెను చూపించాడు, సౌర కుటుంబాన్ని దగ్గరికి తెచ్చాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక టీచర్ సొంతంగా పాఠం ఎలా తయారుచేయాలి, ఎక్కడ సేవ్ చేయాలి, కరెంటు పోయి వస్తే ఏం చేయాలి అనేవి మాత్రం చెప్పలేదు. వెళ్లేముందు ఇంగ్లిష్‌లో ఉన్న ఒక కాగితం మీద హెడ్మాస్టర్ గారి సంతకం తీసుకున్నాడు. సంతకం పెడితేనే వారంటీ మొదలవుతుందన్నాడు. తర్వాత ఫోన్ చేసి శిక్షణ ఎప్పుడని అడిగితే, "ట్రైనింగ్ అయిపోయినట్టు మీ స్కూల్ సంతకం ఉంది కదా మేడమ్" అన్నారు. మీరు పంపిన వీడియోలన్నీ హిందీ, ఇంగ్లిష్‌లలో ఉన్నాయి. ఉత్తరాంధ్రలో తెలుగు మీడియంలో చదివి, తెలుగులో పాఠం చెప్పే టీచర్లకి అమ్మేటప్పుడు ఆ సంగతి మీకు తెలుసు. ఎందుకంటే మీ కరపత్రం చక్కని తెలుగులో ఉంది.

తెలుగు గురించే ఇంకో మాట. మీ యాప్‌లో తెలుగు టైప్ చేస్తే వత్తులు విడిపోతున్నాయి. "విద్యుత్ ప్రవాహం" అని కొడితే తెర మీద "విద్‌యుత్ ప్‌రవాహం" అని పడుతుంది. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. ఇవాళ మామూలు ఫోన్‌లో కూడా వత్తు సరిగ్గా పడుతుంది. మేం ఫోన్‌లో టైప్ చేసి, దాన్ని ఫొటోగా మార్చి, ఆ ఫొటోని మీ పాఠంలో అతికించుకుంటూ వచ్చాం. అక్షరాలు ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్న ఆరో తరగతి పిల్లల ముందు విరిగిన అక్షరాలు పెట్టడానికి మాకు మనసొప్పలేదు.

తర్వాత లాగిన్. బడికి ఒకటే ఖాతా ఇచ్చారు, ఓటీపీ హెడ్మాస్టర్ గారి ఫోన్‌కి వస్తుంది. ఆయన మండల ఆఫీసులో మీటింగ్‌లో ఉంటే, ఓటీపీ అందేలోపు ఆ పీరియడ్‌లో సగం అయిపోతుంది. కరెంటు పోయి వస్తే ఇంటర్నెట్ వెంటనే రాదు, యాప్ మళ్లీ మొదటి నుంచి లాగిన్ అడుగుతుంది. ఇంటర్నెట్ లేకుండా పాఠం నడిచే ఏర్పాటు అసాధ్యమైతే నేను అడిగేదాన్ని కాదు. కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాలు, ఉన్నాయి. విద్యుత్ వలయాల పాఠానికి వాటినే వాడుతున్నాను. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా మామూలు బ్రౌజర్‌లో నడుస్తాయి, రూపాయి కట్టక్కర్లేదు, ఓటీపీ అడగవు. 2017లో కేంద్రం తెచ్చిన దీక్ష అనే డిజిటల్ పాఠాల వేదిక కూడా అంతే. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు, పాఠానికి సంబంధించిన వీడియో ఉచితంగా వస్తుంది. డబ్బు తీసుకున్న మీరు అంతకంటే మెరుగ్గా ఇవ్వకపోయినా, కనీసం ఆపాటి వీలైనా ఇవ్వాలి.

టచ్ సమస్య గురించి క్లుప్తంగా. డిసెంబరులో ప్యానెల్ మీద ఎవరూ ముట్టుకోకుండానే గీతలు పడటం మొదలైంది. మీ టెక్నీషియన్ వచ్చి, అంచు చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ల మీద సుద్దపొడి పేరుకుందని, మెత్తని గుడ్డతో తుడిచి వెళ్లాడు. అది వారంటీలోకి రాదని విజిట్ చార్జీ తీసుకున్నారు. ప్యానెల్‌ని నల్లబల్ల పక్కనే బిగించింది మీవాళ్లే. అంచులు తుడుచుకోవాలన్న ఒక్క మాట ఆ రోజే చెప్పి ఉంటే సరిపోయేది. ఆ చార్జీ మా సైన్స్ మాస్టారు జేబులోంచి పోయింది.

ఇంతకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టిన విషయం పిల్లల వివరాలు. మీ క్విజ్ వాడాలంటే ప్రతి విద్యార్థి పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల ఫోన్ నంబరు, ఫొటో ఎక్కించమని అడుగుతోంది. ఎవరు ఏ ప్రశ్న దగ్గర ఎంతసేపు ఆగారో కూడా మీకు చేరుతుందని మీ వీడియోలోనే గొప్పగా చెప్పారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లల కిందే లెక్కకడుతుంది. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి నిర్ధారించుకోదగిన అనుమతి ఉండాలంటుంది. పిల్లల ప్రవర్తనను గమనిస్తూ పోవడాన్ని, వాళ్లకి గురిపెట్టి ప్రకటనలు వేయడాన్ని వద్దంటుంది. మా పిల్లల తల్లిదండ్రులు చాలామంది కూలికి వెళ్లేవాళ్లు, కొందరు వలస వెళ్లి ఊళ్లోనే ఉండరు. మీ యాప్‌లో అనుమతి తెలుగులో అడిగే పేజీ కూడా లేదు. నేను ఒక్క పిల్లాడి నంబరూ ఇవ్వలేదు, ఇవ్వను. క్విజ్ నల్లబల్ల మీదే పెట్టుకుంటున్నాం. పేర్లు లేకుండా, రోల్ నంబరుతోనే క్విజ్ నడిచేలా మార్చడం మీకు పెద్ద పని కాదు.

ఈ ఫిర్యాదులన్నీ ఇదివరకే మీ కస్టమర్ కేర్‌కి చెప్పాం. ప్రతిసారీ ఒక టికెట్ నంబరు వస్తుంది, రెండు రోజులకి "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ వస్తుంది. మధ్యలో ఎవరూ మాట్లాడరు. ఒకసారి మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. పాఠాలు తెరిచే అధికారం తన దగ్గర లేదని నిజం చెప్పింది. అందుకే మీకు రాస్తున్నాను. ఆ అధికారం మీ దగ్గర ఉంటుంది.

మేం కోరేది ఇది. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోపు మా బడి ఖాతాలోని పాఠాలన్నీ తెరిచి, ఎక్కడైనా తెరుచుకునే మామూలు ఫైళ్లుగా మాకు ఇవ్వండి. పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే కదిలే బొమ్మలు పోతాయి కాబట్టి, కదిలే పాఠాలను బ్రౌజర్‌లో నడిచే రూపంలో ఇవ్వండి. కరపత్రంలో ఇచ్చిన మాట ప్రకారం యాప్‌ని రుసుము లేకుండా నడవనివ్వండి. టీచర్లందరికీ వేరువేరు లాగిన్లు ఇవ్వండి, నెట్ లేనప్పుడు కూడా పాఠం తెరుచుకునేలా చూడండి. తెలుగు వచ్చిన మనిషిని రెండు శనివారాలు పంపండి. డెమో వద్దు. మా పుస్తకంలోని పాఠాలు ముందు పెట్టుకుని, మా చేత చేయించి, మా సందేహాలు తీర్చి వెళ్లాలి. మిగతా సబ్జెక్టుల టీచర్లు చాలామంది నేర్చుకోవాలని ఎదురుచూస్తున్నారు. జూన్‌లో పాఠాలు మూతపడటం చూశాక, చేసినదంతా పోతుందేమోనన్న భయంతో వాళ్లు వెనక్కి తగ్గారు. సోషల్ టీచర్ అయితే సెలవుల్లో సగం చేసిన పటాల పాఠం అక్కడే ఆపేశారు. నన్ను ఎక్కువ బాధపెడుతున్నది అదే.

గడువులోపు జవాబు రాకపోతే, డబ్బు కట్టిన పూర్వ విద్యార్థులు వాళ్ల పేరున ఉన్న బిల్లుతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తారు. అప్పటికీ కాకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్తారు. తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో ఆ చట్టంలో స్పష్టంగా ఉంది. అక్కడిదాకా వెళ్లాలని మాకు లేదు. ఆ తిరుగుడికి పెట్టే సమయం పిల్లలకి పెడితే నయం.

కాంతి పాఠం ఆగస్టులో మొదలుపెట్టాలి. ఆలోపు కనీసం ఆ ఒక్క యూనిట్ పాఠాలైనా ముందుగా విడుదల చేయండి, మిగతావి గడువులోపు ఇవ్వవచ్చు. జవాబు రాతపూర్వకంగా, తెలుగులో, హెడ్మాస్టర్ గారి పేర పంపండి.

ఇట్లు,
భౌతిక శాస్త్ర ఉపాధ్యాయురాలు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, శ్రీకాకుళం జిల్లా.

జతచేసినవి: బిల్లు నకలు, కరపత్రం నకలు, శిక్షణ పత్రం నకలు, "ప్లాన్ ముగిసింది" అని చూపిస్తున్న తెర ఫొటోలు, విజిట్ చార్జీ రసీదు, మూసివేసిన టికెట్ల మెసేజ్‌లు.