మెక్‌గవర్న్ వర్ధంతి పోస్టర్ గురించి

అందరికీ నమస్కారం. అక్టోబరు 21 అమెరికా సెనేటర్‌గా పనిచేసిన జార్జ్ మెక్‌గవర్న్ వర్ధంతి. పోస్టర్‌లో 1972 అధ్యక్ష ఎన్నికల ఓటమికే చోటంతా ఇచ్చేయకండి, దానికి ఒక్క వాక్యం చాలు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానం నడిపిన ఆయనే 1970లో వియత్నాం నుంచి సేనల్ని రప్పించాలని తోటి సెనేటర్ హాట్‌ఫీల్డ్‌తో కలిసి సెనేట్‌లో సవరణ పెట్టారు. 55-39తో వీగిపోయింది. అయినా ఇది తప్పకుండా రాయండి.

అసలు సంగతి బడిపిల్లల భోజనం. 1961లో అధ్యక్షుడు కెనడీ ఆయనకు 'శాంతికి ఆహారం' అనే విదేశీ ఆహార సాయం కార్యక్రమాన్ని అప్పగించారు. మనకు గోధుమలు తెచ్చిన పీఎల్ 480 అనే అమెరికా చట్టమే దాని పునాది. ఎదుటి పార్టీ బాబ్ డోల్‌తో చేతులు కలిపాకే 2002లో ఇద్దరి పేరిట విదేశీ బడుల భోజన పథకం చట్టంలోకెక్కింది.

భోజనం బడిలోనే ఎందుకు? పేదింట్లో ముందు చదువు మానేది ఆడపిల్లే. బడిలో పళ్లెం నిండితే ఇంట్లోవాళ్లే పంపుతారు. గింజలు ఒక్కటే పంపితే మాత్రం, వంటమనిషి, నీళ్లు, పొయ్యి లేనిచోట బస్తాలకు పురుగు పడుతుంది.