చలికాలపు రద్దీకి ముందే డ్యూటీ చార్టు సరిచూసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

చలికాలపు సీజన్ మొదలైతే దుకాణాలు, గోడౌన్లు, హోటళ్లు, డెలివరీ కేంద్రాలు, ఆసుపత్రులు అన్నిచోట్లా పని ఒక్కసారిగా మీద పడుతుంది. అమ్మకాల మీద, రద్దీ మీద పత్రికల్లో చాలా వార్తలు వస్తాయి. ఆ రద్దీని మోసేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి 'సిబ్బంది కొరత', 'సిబ్బంది నిర్లక్ష్యం' అన్న రెండు మాటలతో సరిపెట్టేస్తున్నారు. డ్యూటీ చార్టులు వేసే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాం. సీజన్ మధ్యలో బయటపడే అలసట, గైర్హాజరు, కసురుకోవడం, దెబ్బలు తగలడం చాలావరకు అంతకు నెలన్నర ముందు కాగితం మీద వేసిన లెక్కలోనే పుడతాయి. ఆ లెక్క తప్పాక ఎంత బతిమాలినా, ఎన్ని బహుమతులు ప్రకటించినా లాభం ఉండదు.

పది కౌంటర్లున్న ఒక చోటును తీసుకోండి. రోజుకు 8 గంటల షిఫ్టులు రెండు, వారంలో ఏడు రోజులూ పని. పదిని రెండుతో గుణించి 20 మంది చాలనుకుంటారు. వారానికి నిండాల్సిన షిఫ్టులు మాత్రం 140. ఇరవై మందితో అవి నిండాలంటే ఒక్కొక్కరూ ఏడు రోజులూ రావాలి. వారానికి ఒక రోజు సెలవిస్తే మనిషికి ఆరు షిఫ్టులే వస్తాయి, కాబట్టి 24 మంది కావాలి. జలుబులు, జ్వరాలు, ఇంట్లో పిల్లలకు ఒంట్లో బాగోకపోవడం వల్ల నూటికి 15 షిఫ్టులు ఖాళీ పడతాయనుకుంటే (మీ దగ్గర ఎన్ని పడతాయో పోయినేటి హాజరు పట్టీ చెబుతుంది) ఆ సంఖ్య 28కి చేరుతుంది. విరామాల లెక్క ఇంకా రాలేదు. ఒక్కొక్కరికి భోజనానికి 30 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు పదేసి నిమిషాలు ఇస్తే పదిమందికి 500 నిమిషాలు, అంటే 8 గంటల 20 నిమిషాలు. ఒక రిలీవర్ (విరామానికి లేచినవాళ్ల బదులు కౌంటరులో కూర్చునే మనిషి) షిఫ్టంతా తిరిగి చేసే పనికి అది దాదాపు సమానం. ఆ మనిషినీ కలుపుకుంటే షిఫ్టుకు 11 మంది, వారానికి 154 షిఫ్టులు, మొత్తం 31 మంది. 20కీ 31కీ మధ్యనున్న ఆ 11 మంది పని ఎలాగోలా జరుగుతూనే ఉంటుంది. ఉన్న ఇరవై మంది తమ సెలవులోంచి, తిండివేళలోంచి, నిద్రలోంచి తీసి ఆ పని చేస్తుంటారు.

రిలీవర్ లేకుండా 'విరామం ఇస్తున్నాం' అని చెప్పడం మాటవరసకే. పక్కవాడి మీద పని పడుతుందని తెలిసి ఎవరూ లేవరు. నాలుగు గంటలు మంచినీళ్లు తాగకుండా, బాత్‌రూమ్‌కి వెళ్లకుండా ఆపుకుని కూర్చుంటారు. చాలాచోట్ల జరుగుతున్నది ఇదే. ఆడవాళ్లకు ఇది మరీ కష్టం.

31 మందిని పెట్టుకునే స్తోమత లేకపోతే తగ్గించాల్సింది పనిని. ముందు గంటవారీ రద్దీ చూడండి. రద్దీ సాయంత్రం నాలుగైదు గంటలే అయితే పొద్దున్న పది కౌంటర్లు తెరవక్కర్లేదు. ఆ వేళకు సరిపడా నాలుగు గంటల చిన్న షిఫ్టులు వేయొచ్చు. అయితే రానూపోనూ రెండు గంటలు పట్టేవాళ్లను వాటిలో వేయకూడదు, దగ్గర్లో ఉండి ఇష్టపడేవాళ్లకే ఇవ్వాలి. సరుకు లెక్కింపు, పాత రికార్డుల సర్దుబాటు, వార్షిక సమీక్షలు, సీజన్‌తో పనిలేని శిక్షణలు, రోజూ పంపే రిపోర్టుల్లో సగం సీజన్ సాగే ఆరు వారాలూ ఆపేయొచ్చు. ఆపేవాటి జాబితా రాసి గోడకు అంటిస్తే, 'అది ఎందుకు చేయలేదు' అన్న ప్రశ్న కింది ఉద్యోగికి ఎదురుకాదు.

అందరినీ పూర్తిగా పనిలో ముంచితేనే జీతం గిట్టుబాటవుతుందన్న నమ్మకం కూడా ఇక్కడ దెబ్బతీస్తుంది. టెలిఫోన్ కాల్స్ ఎంతసేపు ఆగాలో లెక్కకట్టే పద్ధతిని డెన్మార్క్ ఇంజనీరు ఎర్లాంగ్ 1917లోనే ప్రచురించారు. ఆ తరహా లెక్కే కౌంటర్లకూ పనికొస్తుంది. ఒకే కౌంటరు, జనం వేళాపాళా లేకుండా వస్తారు, ఒక్కొక్కరి పనికి సగటున 4 నిమిషాలు పడుతుంది అనుకుందాం. కౌంటరులోని మనిషికి నూటికి 80 పాళ్లు పని ఉంటే వచ్చినవాళ్లు సగటున 16 నిమిషాలు ఆగాలి. 90 పాళ్లయితే 36 నిమిషాలు. 95 పాళ్లయితే 76 నిమిషాలు. పని పెరిగింది కొంచెమే, నిరీక్షణ మాత్రం దాదాపు అయిదింతలైంది. ఎక్కువ కౌంటర్లకు కలిపి ఒకే వరుస పెడితే ఈ నిమిషాలు బాగా తగ్గుతాయి కానీ పోకడ మారదు. గంట సేపు నిలబడ్డ మనిషి కోపం ఎవరి మీద చూపిస్తాడో వేరే చెప్పక్కర్లేదు. నూటికి 15, 20 పాళ్లు ఖాళీ వదిలితే ఆ ఉద్యోగి ఊపిరి పీల్చుకుంటాడు, వరుసా కదులుతుంది. దాన్ని సోమరితనంగా లెక్కవేసే సూపర్‌వైజర్‌కు ఈ అంకెలు చూపించాలి.

తర్వాత డబుల్ డ్యూటీ. ఒకరు రాకపోతే దిగిపోవాల్సిన మనిషినే 'ఇంకో షిఫ్టు ఉండవయ్యా' అంటారు. ఎనిమిదీ ఎనిమిదీ పదహారు గంటలు. పనికి రాకముందు లేచిన గంట, దారిలో గంట, తిరిగి వెళ్లే గంట కలిపితే 19 గంటల మెలకువ. 17 గంటలు నిద్రలేకుండా ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషితో సమానంగా పడిపోతుందని 1997లో ఒక పరిశోధన చూపింది. అలాంటి స్థితిలో ఉన్న మనిషికి ఫోర్క్‌లిఫ్ట్ అప్పగిస్తున్నాం, మందుల మోతాదు కొలవమంటున్నాం, చివరికి చీకట్లో బండి మీద ఇంటికి పంపిస్తున్నాం. తప్పనిసరైతే రెండో షిఫ్టును ఇద్దరికి చెరి నాలుగు గంటలు పంచండి. ఒకరిని దిగేటప్పుడు ఆపి, ఇంకొకరిని ముందుగా పిలిస్తే ఎవరికీ 12 గంటలు దాటదు. ఆ రాత్రి ఇంటికి వాహనం సంస్థే పెట్టాలి. వరుసగా రెండు రోజులు అదే మనిషిని అడగకూడదు.

రెండు షిఫ్టుల మధ్య ఎడం గురించి ఇంకా తక్కువమంది పట్టించుకుంటారు. రాత్రి 11కి మూసి వెళ్లిన మనిషినే పొద్దున్న 7కి తెరవమంటే కాగితం మీద ఎనిమిది గంటల ఎడం కనిపిస్తుంది. రానూపోనూ రెండు గంటలు, స్నానం, తిండి ఒకటిన్నర గంట తీసేస్తే నిద్రకు మిగిలేది నాలుగున్నర. యూరోపియన్ యూనియన్ 2003 నాటి పనివేళల నిబంధనల్లో రోజుకు కనీసం 11 గంటల ఎడతెగని విశ్రాంతి ఉండాలని రాసింది ఇందుకే. ఏ దేశంలో ఉన్నా ఆ అంకెను చార్టుకు గీతగా పెట్టుకోవడం మంచిది. షిఫ్టులు మార్చాల్సి వస్తే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరుసలోనే మార్చాలి. వెనక్కి తిప్పితే శరీరం సర్దుకోవడానికి ఎక్కువ రోజులు తీసుకుంటుంది. రాత్రి షిఫ్టులో తెల్లవారుజామున మూడింటి నుంచి అయిదింటి దాకా ఒళ్లు బాగా మొరాయిస్తుంది. లెక్క తప్పితే ముప్పు ఉండే పనులు ఆ వేళ పెట్టకుండా, 20 నిమిషాల కునుకుకు చోటు చూపించాలి. లేచిన వెంటనే మళ్లీ యంత్రం ముందు నిలబెట్టకూడదు. తల తేరుకోవడానికి పావుగంట పడుతుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ మొట్టమొదటి ఒడంబడిక, 1919లో, పరిశ్రమల్లో రోజుకు 8, వారానికి 48 గంటల పరిమితి గురించే. ఏడు రోజులకోసారి వరుసగా 24 గంటల సెలవు 1921 నాటి ఒడంబడికలో ఉంది. నూరేళ్లు దాటినా సీజన్ పేరు చెప్పి మొదట రద్దు చేసేది ఆ వారపు సెలవునే. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. అది ఒక్క సీజన్‌తో వచ్చే ముప్పు కాకపోవచ్చు. ప్రతి ఏడాదీ అదే మనిషి మీద పడితే మాత్రం అలవాటుగా మారుతుంది. ఓటీ (షిఫ్టు దాటి చేసే అదనపు గంటల పని) ఎవరు ఎంత చేశారో వారం వారం పట్టికలో రాసి అందరికీ కనిపించేలా పెడితే కాదనలేని ఇద్దరు ముగ్గురి మీదే భారం పడుతున్న సంగతి దానంతటదే బయటపడుతుంది. ఓటీ డబ్బు ఆ నెల జీతంతోనే చేతికి రావాలి.

ఇక జబ్బులు. ఫ్లూ సోకిన మనిషి లక్షణాలు కనపడకముందు ఒక రోజు నుంచి, కనపడ్డాక అయిదు నుంచి ఏడు రోజుల దాకా ఇతరులకు అంటించగలడు. మొదటి మూడు నాలుగు రోజులు మరీ ఎక్కువ. రాకపోతే జీతం కోత అంటే ఆ రోజుల్లోనే దగ్గుతూ పనికొస్తారు. ఒకరి రెండు రోజుల జీతం మిగిల్చుకోబోయి తర్వాతి వారం నలుగురిని పోగొట్టుకుంటారు. జీతంతో కూడిన సెలవివ్వాలి, మొదటి రెండు మూడు రోజులకు డాక్టరు చీటీ అడగకూడదు. మాత్ర వేసుకోకుండానే 24 గంటలు జ్వరం లేకుండా గడిచాక రమ్మనాలి. టీకా పనిచేయడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, కాబట్టి సీజన్ మొదటి వారంలో శిబిరం పెట్టడం ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడమే. నెల ముందు, డ్యూటీ వేళలోనే వేయించాలి.

బయట, లోడింగ్ దగ్గర, శీతల గిడ్డంగుల్లో పనిచేసేవాళ్లకు చలే ఒక పనిభారం. 5 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే వాతావరణ శాఖలు వాడే సూత్రం ప్రకారం ఒంటికి సుమారు 0 డిగ్రీలుగా తగులుతుంది. బండి మీద డెలివరీకి వెళ్లేవారికి గాలి లేకపోయినా బండి వేగమే గాలి. వేళ్లు మొద్దుబారితే బ్రేకు ఆలస్యంగా పడుతుంది, పెట్టె జారుతుంది, కట్టర్ చేతిలో తిరుగుతుంది. లావుపాటి కోటు ఒక్కటి ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదు. బరువు మోసేటప్పుడు చెమట పట్టి, ఆగగానే ఆ తడే వణికిస్తుంది. తడిసిన నూలు బట్ట వెచ్చదనం నిలపదు. లోపల చెమటను లాగేసే పలుచని బట్ట, మధ్యలో ఉన్ని, పైన గాలి దూరనిది, ఇలా విప్పుకుని తొడుక్కునే వీలుండాలి. చేతి తొడుగులు మనిషికి రెండు జతలు ఇవ్వాలి, ఒకటి తడిస్తే రెండోది. వెచ్చగా కూర్చునే గది లోడింగ్ చోటుకు రెండు నిమిషాల నడకలో ఉండాలి. దూరమైతే ఎవరూ పోరు. మాట తడబడుతున్నా, వణుకు ఆగకపోయినా, చెప్పింది అర్థం కాకపోయినా అది శరీర వేడి ప్రమాదకరంగా పడిపోతోందనడానికి గుర్తు. 'కాసేపు కూర్చో' అని వదిలేయకుండా తడిబట్టలు మార్చి, వెచ్చని చోటుకు చేర్చి, వైద్య సాయం పిలవాలి. జంటలుగా పని ఇస్తే ఈ లక్షణాలను పక్కమనిషి ముందు గమనిస్తాడు. చలి తగిలిన మనిషికి తన పరిస్థితి తనకు తెలియదు.

తాత్కాలిక సిబ్బందిని రద్దీ మొదలైన రోజు చేర్చుకోవడం అందరూ చేసే తప్పు. ఆ రోజు నేర్పేవాళ్లకు తీరిక ఉండదు, నేర్చుకునేవాళ్లకు అడిగే ధైర్యం ఉండదు. ఉద్యోగంలో మొదటి నెలలోనే దెబ్బలు తగలడం ఎక్కువ. మూడు వారాల ముందు చేర్చుకుని, ఇద్దరు కొత్తవాళ్లకు ఒక పాతమనిషిని తోడు ఇచ్చి, ఆ పాతమనిషి టార్గెట్‌ను మొదటి వారం సగానికి తగ్గించాలి. ఇది తగ్గించకుండా తోడు పెడితే వాళ్లు నేర్పరు, విసుక్కుంటారు. మొదటి రోజు చెప్పాల్సినవి నాలుగే: బయటికి దారులు, బాత్‌రూమ్, ఎంత బరువు దాటితే ఇద్దరు ఎత్తాలి, కష్టం వస్తే ఎవరి పేరు పిలవాలి. మిగతావి పనిలో పడ్డాక నేర్పొచ్చు.

కోపంగా ఉన్న కస్టమర్ ముందు ఉద్యోగి నిస్సహాయంగా నిలబడేది అధికారం లేకే. ఫలానా మొత్తం వరకు వస్తువు మార్చడం, డబ్బు తిరిగివ్వడం ఎవరినీ అడగకుండా చేయొచ్చని రాతపూర్వకంగా ఇస్తే గొడవల్లో చాలా భాగం అక్కడే ఆగిపోతాయి. తిట్లు మొదలైతే సూపర్‌వైజర్ నిమిషంలో ముందుకొచ్చి నిలబడాలి. ఆ ఉద్యోగిని అయిదు నిమిషాలు లోపలికి పంపాలి.

చార్టు కనీసం రెండు వారాల ముందు గోడ మీదికి రావాలి. సెలవు కోరికలు ఆరు వారాల ముందే తీసుకోవాలి. అందరూ కోరుకునే రోజులను ముందడిగినవాడికి ఇచ్చేస్తే సీనియర్లూ, నోరున్నవాళ్లూ ఎత్తుకుపోతారు. పోయినేడు ఎవరు ఆ రోజు పనిచేశారో చూసి వంతులు వేయాలి. పెళ్లికానివాళ్లనే ప్రతిసారీ రాత్రి షిఫ్టుకు తోయడం అన్యాయం, వాళ్లకూ ఇల్లుంటుంది. ఇద్దరూ ఒప్పుకుంటే షిఫ్టు మార్చుకోనివ్వండి, 11 గంటల ఎడం చెడకపోతే చాలు. షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాలు రెండు జట్లూ కలవాలి. ఏ సరుకు అయిపోయింది, ఏ యంత్రం మొరాయిస్తోంది, ఎవరికి ఒంట్లో బాగోలేదు, ఈ మూడూ చెప్పుకుంటే సరిపోతుంది. ఆ పది నిమిషాలకూ జీతం లెక్కకట్టాలి.

రద్దీ తగ్గాక ఇస్తామన్న కాంప్ ఆఫ్‌లు (అదనంగా పనిచేసిన రోజులకు బదులు సెలవులు) చాలాచోట్ల మాటగానే మిగిలిపోతాయి. సీజన్ చార్టు కిందనే, ఆ తర్వాతి 30 రోజుల్లో ఎవరికి ఏ తేదీన సెలవో రాసి సంతకం పెట్టండి. తాత్కాలికంగా చేరినవాళ్లకు చివరి పనిదినం ఏదో రెండు వారాల ముందే చెప్పి, ఆఖరి జీతం ఆ రోజే చేతిలో పెట్టాలి. సరుకు లెక్కింపును ఆ సెలవులయ్యాకే పెట్టుకోవాలి.

మీ విలేకరులు ఈ సీజన్‌లో ఏ సంస్థకు వెళ్లినా అమ్మకాల అంకెతో పాటు మరో మూడు అడగాలని మా మనవి: ఈ వారం ఎంతమందికి వారపు సెలవు దొరికింది, ఎవరైనా 12 గంటలు దాటారా, విరామానికి రిలీవర్ ఉన్నారా. ఆ జవాబులనూ అమ్మకాల అంకె పక్కనే ప్రచురించండి.

ఇట్లు,
డ్యూటీ చార్టులు వేసే పనిలో ఉన్న కొందరు పాఠకులు