ఇంగ్లీషు పాఠం తెరిచే ముందు చేయాల్సిన పని

సంపాదకులకు నమస్కారం.

చిత్తూరు జిల్లా ప్రాథమిక పాఠశాలల్లో ఇంగ్లీషు చదివించే తీరు గురించి రాస్తున్నాను. పలమనేరు ప్రాంతంలో చాలాకాలం చిన్న తరగతులకు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు మా వీధి పిల్లల చేత చదివిస్తున్నాను.

మూడో తరగతి పాప ఒకామె, మామిడి చెట్టు కింద కూర్చున్న అబ్బాయి గురించిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలు గడగడా చదివింది. అబ్బాయి ఎక్కడున్నాడమ్మా అంటే నోరు మెదపలేదు. బొమ్మ చూపించి అడిగితే మాత్రం తడుముకోకుండా చెప్పింది. ఇందులో పాప తప్పేమీ లేదు. టీచరు ఒక వాక్యం చదవడం, దాని తెలుగు అర్థం చెప్పడం, పిల్లలు వల్లె వేయడం, బోర్డు మీది జవాబులు నోటు పుస్తకంలోకి ఎక్కించడం: పీరియడంతా ఇంతే అయినప్పుడు పిల్లలు చదివేదెప్పుడు?

పుస్తకం తెరవకముందే పని మొదలవ్వాలి. ముందు బొమ్మ చూపించి పిల్లలను మాట్లాడించాలి, తెలుగులోనే. మన సరిహద్దు మండలాల్లో తమిళమో కన్నడమో ఉర్దూనో మాట్లాడే ఇళ్ల పిల్లలూ ఉంటారు, వాళ్లను ఆ భాషలోనే చెప్పనివ్వాలి. పాఠంలోని కొత్త మాటల్లో అయిదారు మాత్రమే ఎంచుకుని, వస్తువునో బొమ్మనో చూపిస్తూ పలికించాలి. తర్వాత టీచరు నిదానంగా రెండుసార్లు చదువుతుంటే పిల్లలు వేలు పెట్టి చూడాలి. ఆ పైన అందరూ కలిసి, తర్వాత ఇద్దరిద్దరుగా చదవాలి. మొదట అడిగే ప్రశ్నలకు వేలితో చూపించినా, అవును కాదు అన్నా చాలు.

అక్షరాల సంగతి ఇంకా ముఖ్యం. తెలుగులో 'మ' అక్షరం పేరూ పలుకూ ఒకటే. పిల్లలు ఆ అలవాటుతోనే ఇంగ్లీషుకు వస్తారు. అక్కడ 'ఏ' అనే ఒకే అక్షరం క్యాట్‌లో ఒకలా, కేక్‌లో ఒకలా, బాల్‌లో మరోలా పలుకుతుంది. సి-ఏ-టి అని ఎన్నిసార్లు వల్లించినా అందులోంచి క్యాట్ ఎలా వచ్చిందో పిల్లవాడికి అంతుపట్టదు. అక్షరం పలుకు కూడా నేర్పి, క్యాట్, మ్యాట్, ర్యాట్ ఒకచోట రాసి చూపిస్తే, బ్యాట్ అన్న మాటను ఎవరూ చెప్పకుండా తనే చదువుతాడు. అప్పుడు వాడి ముఖం చూడాలి!

ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసుకునే బడిలో ఇదంతా కుదరదని అంటారు. కష్టమే, కాదనను. కానీ మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాల వారు అలాంటి ఊరి బడుల కోసమే పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఎవరి వేగంతో వారు ముందుకు సాగేలా చేసి చూపించారు. 2020-21 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా వచ్చిన పాఠ్యపుస్తకాలూ ఉన్నాయి. తెలుగు పేజీలో విషయం తెలుసుకున్నాక ఇంగ్లీషు పేజీ చదివిస్తే సగం బెరుకు పోతుంది.

విద్యాశాఖ అధికారులకు నా విన్నపం ఇది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక్క పూటయినా రికార్డులు పక్కన పెట్టి, ఉపాధ్యాయులంతా కలిసి ఒక పఠన పాఠానికి ప్రణాళిక రాసి, సమావేశం జరిగే బడి పిల్లలకే చెప్పి చూడాలి. కార్వేటినగరంలోని డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకులు అందుకు మండలాలకు రావాలి. తనిఖీకి వచ్చేవారు సిలబస్ ఎంతవరకు అయిందని అడగడంతో సరిపెట్టకుండా, ఒక పిల్లవాడి చేత ఎప్పుడూ చూడని నాలుగు వాక్యాలు చదివించి, అందులో ఏముందో తెలుగులో చెప్పమని అడగాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పలమనేరు, చిత్తూరు జిల్లా